కంపెనీకి అభయం, కోర్టుకు తాళం

2008 జనవరిలో అమెరికా న్యాయశాఖ ఇన్‌స్పెక్టర్ జనరల్ ఒక నివేదిక విడుదల చేశారు. రహస్య దర్యాప్తులకిచ్చిన డబ్బును ఎఫ్‌బీఐ ఎలా ఖర్చుపెడుతోందో చూసిన లెక్కల నివేదిక అది. మామూలుగా అయితే ఎవరూ చదవరు. అందులో ఒక సంగతి మాత్రం పత్రికలన్నిటికీ ఎక్కింది. ట్యాపింగ్ లైన్లకు కట్టవలసిన బిల్లులు ఎఫ్‌బీఐ సకాలంలో కట్టలేదు, ఫోన్ కంపెనీలు ఆ లైన్లు పీకేశాయి. తనిఖీ చేసిన 990 బిల్లుల్లో సగానికి పైగా గడువు దాటాక చెల్లించినవే. ఒక్క ఆఫీసు బాకీయే 66,000 డాలర్లు. గూఢచర్య చట్టం కింద పెట్టిన ట్యాపింగ్ ఒకటి కూడా బిల్లు కట్టనందుకే ఆగిపోయింది.

ఆ నెలల్లోనే అమెరికన్ సెనేట్‌లో మరో వాదన జోరుగా సాగుతోంది. 2001 సెప్టెంబరు 11 ఉగ్రవాదుల దాడి తర్వాత ఫోన్ కంపెనీలు దేశభక్తితో ప్రభుత్వానికి సాయం చేశాయి, అలాంటి కంపెనీలను కోర్టుకీడ్చడం అన్యాయం, వాటిమీద ఉన్న కేసులన్నీ చట్టం చేసి కొట్టేయాలి అని. బిల్లు కట్టకపోతే లైను పీకడానికి అడ్డురాని దేశభక్తి, వారంట్ ఉందా అని అడగడానికి మాత్రం అడ్డొచ్చిందన్నమాట. ఆరు నెలల్లో ఆ చట్టం వచ్చింది, కేసులు పోయాయి. ప్రభుత్వ నిఘాకు సహకరించిన కంపెనీకి చట్టం రక్షణ ఇవ్వాలా, ఇస్తే ఎంతవరకు అన్న ప్రశ్న మాత్రం ఇప్పటికీ తెగలేదు. అమెరికాలోనూ తెగలేదు, మన దగ్గరా తెగలేదు.

ప్రశ్న వినడానికి సాంకేతికంగా ఉన్నా లోపలి విషయం సామాన్యమైనదే. మీ బ్యాంకు లాకరు తెరవాలని ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. కోర్టు ఉత్తర్వు చూపించాడు. మేనేజరు తెరిచాడు. ఆ ఉత్తర్వు తప్పని తర్వాత తేలినా మేనేజరు మీద కేసు పెట్టడం భావ్యం కాదు. ఇందులో ఎవరికీ పేచీ లేదు. ఉత్తర్వు లేకుండా, పైవాళ్లు చెప్పారంటూ ఒక ఉత్తరం ముక్క చూపిస్తే, మీ ఒక్కరిదే కాదు బ్రాంచిలో ఉన్న లాకర్లన్నీ అయిదేళ్లపాటు తెరిచిపెట్టిన మేనేజరు సంగతేమిటి? తగవంతా ఈ రెండో మేనేజరు దగ్గరే.

ఈ తగవు 2001లో పుట్టిందనుకుంటారు చాలామంది. 1945లోనే పుట్టింది. రెండో ప్రపంచయుద్ధం ముగుస్తూనే అమెరికా సైన్యపు సంకేత విభాగం మనుషులు మూడు టెలిగ్రాఫ్ కంపెనీల గడప తొక్కారు: వెస్టర్న్ యూనియన్, ఆర్‌సీఏ, ఐటీటీ. దేశంలోకి వచ్చే, దేశం నుంచి పోయే తంతుల నకళ్లు రోజూ ఇవ్వాలన్నారు. ఇది చట్టవిరుద్ధమేమోనని కంపెనీల లాయర్లు అప్పుడే జంకారు. యజమానులు ఒప్పుకున్నారు గానీ, రేపు మా మీద కేసులు రావని హామీ ఇమ్మన్నారు. 1947 డిసెంబరులో రక్షణమంత్రి ఫారెస్టల్ కంపెనీ పెద్దలను పిలిచి నోటిమాటగా ఆ హామీ ఇచ్చాడు. ఈ ప్రభుత్వం ఉన్నంతవరకు మీకు భయం లేదు, తర్వాత వచ్చేవాళ్ల తరఫున మాత్రం మాటివ్వలేను అన్నది దాని సారాంశం. 1949లో కొత్త రక్షణమంత్రి వచ్చాక కంపెనీలు మళ్లీ అడిగి మళ్లీ చెప్పించుకున్నాయి. ‘షామ్‌రాక్’ అని పేరున్న ఆ వ్యవహారం 1975 మే వరకు, ముప్ఫై ఏళ్లు నడిచింది. చివరి ఏళ్లలో జాతీయ భద్రతా సంస్థ, అంటే ఎన్‌ఎస్‌ఏ, నెలకు సుమారు లక్షన్నర సందేశాలు ఏరి తీసేది. సెనేటర్ ఫ్రాంక్ చర్చ్ కమిటీ తవ్వితే గానీ జనానికి తెలియలేదు.

కంపెనీలు అమాయకంగా మోసపోయాయన్న మాట ఇక్కడే వీగిపోతుంది. తప్పేమీ లేదని నమ్మినవాడు శిక్ష పడదన్న హామీ కోసం రెండుసార్లు తిరగడు.

ఇంకా వెనక్కు వెళితే ఒక వింత ఉంది. 1928లో సియాటిల్ దొంగసారా వ్యాపారి ఆమ్‌స్టెడ్ కేసులో, పోలీసులు వారంట్ లేకుండా ఫోన్ వినడం రాజ్యాంగవిరుద్ధం కాదని అమెరికా సుప్రీంకోర్టు 5-4తో తీర్పు చెప్పింది. ఆ కేసులో ట్యాపింగ్ తప్పని వాదిస్తూ కోర్టులో మెమో వేసినవాళ్లలో ఫోన్ కంపెనీలున్నాయి, ఏటీ అండ్ టీతో సహా. ఫోన్ మీద జనానికి నమ్మకం పోతే వ్యాపారం పోతుందని అప్పట్లో వాటికి తెలుసు.

చర్చ్ కమిటీ తవ్వకాల ఫలితమే 1978 నాటి విదేశీ గూఢచర్య నిఘా చట్టం, ‘ఫీసా’. జాతీయ భద్రత పేరుతో నిఘా పెట్టాలన్నా ఒక ప్రత్యేక రహస్య కోర్టు అనుమతి కావాలి. కంపెనీలకు కూడా ఆ చట్టం స్పష్టంగా దారి చూపింది. కోర్టు ఉత్తర్వు ఉంటే సహకరించండి. లేదా వారంట్ అక్కర్లేదని, చట్టం అడిగే షరతులన్నీ తీరాయని అటార్నీ జనరల్ లిఖితపూర్వకంగా ధ్రువీకరిస్తే సహకరించండి. ఈ రెంటిలో ఏదో ఒక కాగితం చేతిలో ఉంటే మీ మీద ఎవరూ దావా వేయలేరు. కాగితం లేకుండా సహకరిస్తే నష్టపరిహారం కట్టుకోవాలి. కంపెనీకి రక్షణ ఉంది, ఆ రక్షణకు ఒక ధర ఉంది: కాగితం అడగడం. కాబట్టి 2008లో కోరిన రక్షణ ఈ పాత రక్షణ దొరకనివాళ్ల కోసమే. ఈ మాట ఆనాటి చర్చలో వినపడవలసినంత గట్టిగా వినపడలేదు.

2001 అక్టోబరులో అధ్యక్షుడు బుష్ ఫీసా కోర్టును పక్కనబెట్టి ఒక రహస్య కార్యక్రమానికి అనుమతిచ్చాడు. ఒక కొస విదేశంలో ఉన్న కాల్స్, ఈమెయిళ్లు వారంట్ లేకుండా వినడం, కోట్లమంది కాల్ రికార్డులు పోగుచేయడం దాని పని. సుమారు 45 రోజులకోసారి అనుమతి పొడిగించేవారు, కంపెనీలకు ఉత్తరాలు వెళ్లేవి. 2007 అక్టోబరులో సెనేట్ గూఢచర్య కమిటీ తన నివేదికలో ఆ ఉత్తరాల సంగతి రాసింది. ఇది అధ్యక్షుడు అనుమతించినది, చట్టబద్ధమేనని అటార్నీ జనరల్ తేల్చాడు అని వాటిలో ఉండేది. ఒక్క ఉత్తరంలో తప్ప. అరవై రోజులకు లోపు కాలానికి చెల్లిన ఆ ఒక్కదానిలో, చట్టబద్ధమని తేల్చినది అధ్యక్షుడి న్యాయ సలహాదారు అని ఉంది.

ఆ ఒక్క ఉత్తరం వెనక ఒక ఆసుపత్రి గది కథ ఉంది. 2004 మార్చి 10 రాత్రి అటార్నీ జనరల్ ఆష్‌క్రాఫ్ట్ జబ్బుతో ఐసీయూలో ఉన్నాడు. ఆయన బదులు బాధ్యతలు చూస్తున్న కోమీ, కార్యక్రమంలో కొంత భాగానికి చట్టం ఆధారం లేదని సంతకం నిరాకరించాడు. శ్వేతసౌధం నుంచి న్యాయ సలహాదారు గొంజాలెజ్, మరో ఉన్నతాధికారి నేరుగా ఆసుపత్రికి వెళ్లి మంచం మీదున్న మనిషి చేత సంతకం పెట్టించబోయారు. ఆయన పెట్టలేదు. మర్నాడు అటార్నీ జనరల్ గీత ఉండవలసిన చోట గొంజాలెజ్ సంతకంతోనే పొడిగింపు వెళ్లిపోయింది. ఆ వారం ఉత్తరం అందుకున్న కంపెనీ లాయరు, సంతకం ఎందుకు మారిందయ్యా అని ఒక్క ప్రశ్న వేసి ఉంటే సరిపోయేది. న్యాయశాఖలో పైస్థాయి వాళ్లంతా రాజీనామాకు సిద్ధపడ్డ వారం అది.

అడిగిన కంపెనీ అసలు లేదా? ఒకటుంది. డెన్వర్ కేంద్రంగా పనిచేసే క్వెస్ట్, ఖాతాదారుల కాల్ రికార్డులు ఇమ్మంటే వారంటో మరో చట్టబద్ధమైన ఉత్తర్వో ఉందా అని అడిగిందనీ, లేదనగానే ఇవ్వలేదనీ ఆ సంస్థ మాజీ అధిపతి నాచియో లాయరు 2006లో ప్రకటించాడు. నాచియోను ఆదర్శపురుషుణ్ని చేయనక్కర్లేదు. 2007లో షేర్ల అక్రమ వ్యాపారం కేసులో దోషిగా తేలి జైలుకు వెళ్లినవాడే. నిఘాకు ఒప్పుకోనందుకే ప్రభుత్వం కక్ష కట్టిందన్నాడు, కోర్టులు దాన్ని లెక్కచేయలేదు. మనిషి ఎలాంటివాడైనా, అడగడం సాధ్యమేనని మాత్రం ఆ కంపెనీ చూపించింది. 2001 నాటి భయంలో అడిగే ధైర్యం ఎవరికుంటుందన్న వాదనకు ఇదే జవాబు.

విషయం బయటపడింది 2005 డిసెంబరు 16న, న్యూయార్క్ టైమ్స్‌లో. అయితే అసలు సాక్ష్యం తెచ్చినవాడు ఒక రిటైర్డు టెక్నీషియన్. మార్క్ క్లైన్ శాన్‌ఫ్రాన్సిస్కోలో ఏటీ అండ్ టీ ఉద్యోగి. ఫోల్సమ్ వీధి 611 నంబరు భవనంలో ఇంటర్నెట్ పరికరాలు చూసుకునేవాడు. ఆరో అంతస్తులో 641ఏ అనే గది ఉండేది. అందులోకి మామూలు టెక్నీషియన్లకు ప్రవేశం లేదు. ఎన్‌ఎస్‌ఏ అనుమతి పొందిన ఒకే ఒక్కడికి తాళం. ఒకసారి ఆ గదిలో పెద్ద ఏసీ యంత్రం కారి నీళ్లు కిందికి దిగాయి. తలుపు తెరవగల మనిషి దొరకక కంపెనీ రోజుల తరబడి తర్జనభర్జన పడింది. ఒకపక్క పరికరాల మీద నీళ్లు పడుతున్నా తలుపు తెరవలేని గది సొంత భవనంలో ఉందంటే అందులో ఏముందో ఊహించుకోవడం క్లైన్‌కు కష్టం కాలేదు.

ఊహతో ఆగలేదు. కేబుళ్ల నక్షాలు అతని చేతికొచ్చాయి. ఇంటర్నెట్ మోసే ఫైబర్ తీగలను ఒక స్ప్లిటర్ పెట్టెలోకి తీసుకొచ్చారు. తీగలోని కాంతిని అది రెండుగా చీలుస్తుంది. ఒక పాయ మామూలుగా తన దారిన పోతుంది, అదే సమాచారంతో రెండో పాయ 641ఏ గదిలోకి పోతుంది. పంపినవాడికి, అందుకున్నవాడికి ఏ తేడా తెలియదు. ఇందులో ఎవరో ఒక అనుమానితుడి లైను ఎంచుకోవడమన్నది లేదు. తీగలో పోయేదంతా పోతుంది, ఏరుకోవడం తర్వాతి మాట. 2004లో రిటైరైన క్లైన్ 2006 జనవరిలో ఆ కాగితాలు చంకన పెట్టుకుని ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ అనే హక్కుల సంస్థ ఆఫీసుకు తనంతట తనే నడిచివెళ్లాడు. 2025లో చనిపోయాడు. అతను చూపించిన గది మీద ఏ కేసూ నిలవలేదు.

క్లైన్ కాగితాలు తెచ్చిన 2006 జనవరి నెలాఖరులోనే ‘హెప్టింగ్ వర్సెస్ ఏటీ అండ్ టీ’ కేసు పడింది. దేశమంతటా సుమారు నలభై కేసులు చేరి జడ్జి వాకర్ దగ్గరకొచ్చాయి. ఇది దేశరహస్యం, విచారణే జరపకూడదని ప్రభుత్వం అడ్డుపడింది. వాకర్ 2006 జులైలో ఆ అభ్యంతరం కొట్టేశాడు. ఆరోపించినది నిజమే అయితే అది చట్టబద్ధమని ఏ కంపెనీ అయినా సద్భావంతో నమ్మగలిగేది కాదన్నాడు. ఆయన్ను నియమించింది రిపబ్లికన్ అధ్యక్షుడే. ఇక కేసు నడుస్తుందని తేలిపోయింది. తేలగానే పోరాటం కోర్టు నుంచి కాంగ్రెస్‌కు మారింది.

రక్షణ కోరినవాళ్ల వాదనను తేలిగ్గా తీసేయడం న్యాయం కాదు. వాళ్లు చెప్పినవి ముఖ్యంగా మూడు. దేశాధ్యక్షుడే రాతపూర్వకంగా అడిగితే, చట్టబద్ధమని న్యాయశాఖే చెబితే, కాదని తేల్చేంత రహస్య సమాచారం కంపెనీ దగ్గర ఉండదు. రెండోది, దేశరహస్యం పేరుతో ప్రభుత్వం నోరు కట్టేశాక కంపెనీ తన తప్పు లేదని నిరూపించుకోలేదు. మూడోది, ఒక్కో ఖాతాదారుకు చట్టం ప్రకారం కనీస పరిహారం కట్టాలంటే, కోట్లమంది ఖాతాదారులున్న కంపెనీ దివాళా తీస్తుంది. రేపు నిజంగా ఆపద వచ్చినప్పుడు ఎవరూ సహకరించరు. డెమొక్రాట్ అయిన రాక్‌ఫెల్లర్ అధ్యక్షతన ఉన్న గూఢచర్య కమిటీ కూడా 13-2తో రక్షణ వైపే మొగ్గింది.

మూడింటిలో రెండోదానికి బలముంది. నోరు కట్టేసి కొట్టడం ఎవరినైనా తప్పే. మొదటిదానికి 1978 చట్టమే జవాబు. కంపెనీ రహస్యాలన్నీ తెలుసుకోనక్కర్లేదు, చట్టం చెప్పిన కాగితం ఉందో లేదో చూసుకుంటే చాలు. ఏటీ అండ్ టీకి లాయర్లు తక్కువయ్యారా? మూడోది నష్టపరిహారానికి పరిమితి పెట్టమని వాదించవలసినది గానీ, కేసే లేకుండా చేయమని కాదు.

ఇంకో దారి లేక కూడా కాదు. మధ్యేమార్గాలు సెనేట్ ముందుకొచ్చాయి. కంపెనీల స్థానంలో ప్రభుత్వాన్నే ప్రతివాదిగా పెట్టి కేసు నడవనివ్వమని సెనేటర్ స్పెక్టర్ 2008 ఫిబ్రవరిలో సవరణ తెచ్చాడు. 30-68తో ఓడింది. జులైలో బింగమన్, ఇన్‌స్పెక్టర్ జనరళ్ల విచారణ పూర్తయ్యేదాకా రక్షణను ఆపమన్నాడు. 42-56తో అదీ పోయింది. అసలు రక్షణ నిబంధనే తీసేయాలన్న డాడ్ సవరణకు 32 ఓట్లొచ్చాయి. 2008 జులై 9న చట్టం 69-28తో నెగ్గింది, మర్నాడు బుష్ సంతకం చేశాడు. కంపెనీలకు రక్షణ ఇచ్చే ఏ బిల్లునైనా అడ్డుకుంటామని 2007లో ఒబామా వర్గం మాటిచ్చింది. అధ్యక్ష అభ్యర్థి కాబోతున్న ఒబామా ఆ రోజు అనుకూలంగా ఓటేశాడు. హిల్లరీ క్లింటన్ వ్యతిరేకంగా వేసింది. ఏం చూసుకున్నాడో ఓటరుకు తెలుసు.

ఆ చట్టంలోని 802వ సెక్షన్ తీరు చూడాలి. అటార్నీ జనరల్ కోర్టుకు ఒక ధ్రువపత్రం ఇస్తాడు. కోర్టు ఉత్తర్వు మీద సహకరించారనో, చట్టం చెప్పిన ధ్రువీకరణ ఉందనో, 2001 సెప్టెంబరు 11 నుంచి 2007 జనవరి 17 దాకా అధ్యక్షుడి అనుమతితో సాగిన కార్యక్రమం కోసం రాతపూర్వక కోరిక మీద సహకరించారనో, చివరికి అసలు సహకరించనే లేదనో అందులో ఉండవచ్చు. ఏదున్నా కేసు కొట్టేయాలి. ఏదున్నదో జడ్జి బయటకు చెప్పకూడదు. కంపెనీ విన్నదా లేదా అన్నది కూడా ఫిర్యాదుదారుకు తెలియకుండానే కేసు ముగుస్తుంది. ఆ కార్యక్రమం చట్టబద్ధమా కాదా అన్నది జడ్జి చూడనక్కర్లేదు, చట్టబద్ధమని రాసిన ఉత్తరం ఉందా లేదా అన్నదే చూడాలి. 1947లో రక్షణమంత్రి నోటిమాటతో సరిపెట్టిన హామీని అరవై ఏళ్ల తర్వాత కాంగ్రెస్ చట్టం చేసి ఇచ్చింది. అదీ జరిగిపోయిన పనికి, వెనుక తేదీ నుంచి.

2009 జూన్‌లో వాకర్ కేసులు కొట్టేయక తప్పలేదు. 2011 డిసెంబరులో తొమ్మిదో సర్క్యూట్ కోర్టు సమర్థించింది. 2012 అక్టోబరులో సుప్రీంకోర్టు వినడానికే ఒప్పుకోలేదు. కంపెనీల మీద వద్దు, ప్రభుత్వం మీద వేసుకోండి, ఆ దారి తెరిచే ఉందని చట్టం సమర్థకులు చెప్పిన మాట ఒకటుంది. ఆ దారి ఎక్కడికి పోయిందో చూస్తే అసలు గుట్టు తెలుస్తుంది.

అల్ హరమైన్ అనే ధార్మిక సంస్థ లాయర్ల చేతికి ప్రభుత్వమే పొరపాటున ఒక రహస్యపత్రం ఇచ్చింది. తమ ఫోన్లు విన్నారనడానికి ఇంతకు మించిన ఆధారం ఎవరికీ దొరకదు. 2010లో జడ్జి వాకర్ నిఘా చట్టవిరుద్ధమన్నాడు. 2012లో పై కోర్టు ఆ తీర్పు రద్దు చేసింది, ప్రభుత్వం మీద అలా పరిహారపు దావా వేయడానికి చట్టం వీలు కల్పించలేదంటూ. 2013 ఫిబ్రవరిలో హక్కుల సంస్థ ఆమ్నెస్టీ వేసిన కేసులో సుప్రీంకోర్టు 5-4తో మరో తలుపు మూసింది. మీ ఫోన్ విన్నారని రుజువు లేదు, మీది ఊహ, కాబట్టి మీకు కేసు వేసే అర్హత లేదు అని. రహస్యంగా విన్నదానికి రుజువు ఎక్కడినుంచి తెస్తారన్నది నలుగురు జడ్జీలకు తట్టింది, అయిదుగురికి తట్టలేదు. ఎన్‌ఎస్‌ఏ మీద వేసిన జ్యువెల్ కేసు పద్నాలుగేళ్లు తిరిగి 2022లో సుప్రీంకోర్టు గుమ్మం దగ్గర ఆగిపోయింది. అంటే కంపెనీ మీద కేసే మిగిలిన ఒక్క దారి. దానికే 2008లో తాళం పడింది. కంపెనీల డబ్బు కాపాడటం అందులో చిన్న విషయం. అసలు కార్యక్రమం మీద ఏ కోర్టూ తీర్పు చెప్పకుండా చూడటం పెద్ద విషయం.

ఇక ఆ తర్వాత కంపెనీల అలవాటు ఎలా మారింది? ఎడ్వర్డ్ స్నోడెన్ 2013 జూన్‌లో బయటపెట్టిన తొలి కాగితం వెరిజాన్ బిజినెస్ విభాగానికి ఫీసా కోర్టు ఇచ్చిన ఉత్తర్వు. దాని ఖాతాదారుల కాల్ రికార్డులన్నీ రోజూ అప్పజెప్పాలని. ఈసారి కాగితం ఉంది, అంతవరకు మెరుగే. ఆ తర్వాత బయటికొచ్చిన ఫీసా కోర్టు తీర్పొకటి ఒక వాక్యం దగ్గర ఆగేలా చేస్తుంది. ఇలాంటి మూకుమ్మడి ఉత్తర్వు అందుకున్న ఏ కంపెనీ కూడా దాని చట్టబద్ధతను అప్పటిదాకా ప్రశ్నించలేదని అందులో ఉంది. అదే మూకుమ్మడి సేకరణకు చట్టం అనుమతి లేదని 2015 మేలో రెండో సర్క్యూట్ కోర్టు చెప్పింది. ఆ ఏడాదే కాంగ్రెస్ దాన్ని ఆపింది. ఏళ్ల తరబడి ఏ కంపెనీ లాయరుకూ రాని సందేహం, కేసు వినగలిగిన మొదటి పై కోర్టుకు వచ్చింది.

దీనికంతటికీ 2008 రక్షణే కారణమని అనను. కోర్టు ఉత్తర్వుతో ఇచ్చినదానికి వేరే రక్షణ ఎలాగూ ఉంది. పోరాడే కంపెనీ ఏం ఎదుర్కొంటుందో కూడా మరవకూడదు. 2007-08లో యాహూ ఇలాంటి ఆదేశాన్ని రహస్య కోర్టులో సవాలు చేసింది, ఒప్పుకోకపోతే రోజుకు 2,50,000 డాలర్ల జరిమానా అని ప్రభుత్వం బెదిరించింది, యాహూ ఓడింది. ఈ సంగతి లోకానికి తెలిసింది 2014లో. ఒప్పుకుంటే ఖర్చు లేదు, కేసు లేదు. అడ్డుపడితే రోజుకు రెండున్నర లక్షల డాలర్లు, పైగా పోరాడినట్టు చెప్పుకునే వీలు కూడా లేదు. ఏ కంపెనీ బోర్డు ఏం ఎంచుకుంటుందో చెప్పడానికి జోస్యం అక్కర్లేదు.

ఇదంతా అమెరికావాళ్ల గొడవ అనుకోవడానికి మనకు వీల్లేదు. 2001 కార్యక్రమమైనా, 2008 చట్టంలోని 702 సెక్షన్ అయినా చూపు పెట్టింది ఒక కొస విదేశంలో ఉన్న మాటల మీద. డల్లాస్ నుంచి గుంటూరుకు కాలింగ్ కార్డు గీకి మాట్లాడిన కొడుకు అమెరికా పౌరుడైతే అక్కడి రాజ్యాంగం ఎంతోకొంత అతని వెనక ఉంటుంది. గుంటూరులో ఫోనెత్తిన తల్లికి ఆ రాజ్యాంగం వర్తించదు. 702 కింద గురిపెట్టవలసింది అమెరికా బయట ఉన్న విదేశీయులనేనని చట్టమే చెబుతోంది. 2024 ఏప్రిల్‌లో దాన్ని మరో రెండేళ్లు పొడిగిస్తూ, సహకరించవలసిన సంస్థల జాబితాను కూడా పెంచారు.

మన దేశంలో కథ వేరే రకం. అక్కడ కంపెనీకి రక్షణ ఇవ్వాలా అన్న చర్చ జరిగింది. ఇక్కడ కంపెనీకి కాదనే వీలే లేదు కాబట్టి చర్చ కూడా లేదు. 1885 టెలిగ్రాఫ్ చట్టం 5(2) సెక్షన్ నూటముప్ఫై ఏళ్లకు పైగా నడిచింది. రాజకీయ నాయకుల ఫోన్ల ట్యాపింగ్ మీద సీబీఐ నివేదిక 1991లో ఒక పత్రికలో బయటపడ్డాక పౌరహక్కుల సంస్థ పీయూసీఎల్ సుప్రీంకోర్టుకు వెళ్లింది. 1996 డిసెంబరులో కోర్టు కొన్ని హద్దులు గీసింది. హోం కార్యదర్శి ఉత్తర్వు ఉండాలి, సమీక్షా కమిటీ చూడాలి అని. జడ్జి అనుమతి ఉండాలని మాత్రం అనలేదు. తర్వాత వచ్చిన 419ఏ నిబంధన ఆ హద్దులకు రూపం ఇచ్చింది. ఉత్తర్వు రాసేవాడు అధికారి, సమీక్షించేవాళ్లు కార్యదర్శులు. ఇల్లు దాటని పంచాయితీ.

అయినా కాగితం చూసుకోమని మన సుప్రీంకోర్టే ఒకసారి కంపెనీకి చెప్పింది. 2005లో ఢిల్లీ పోలీసు ఉన్నతాధికారి పేరుతో వచ్చిన ఒక ఉత్తరం పట్టుకుని రిలయన్స్ ఇన్ఫోకామ్ ఎంపీ అమర్‌సింగ్ ఫోన్ ట్యాప్ చేసింది. ఉత్తరం ఫోర్జరీ, నిండా తప్పులు. 2011 మేలో తీర్పు చెబుతూ కోర్టు, ఇన్ని తప్పులున్న ఉత్తరం అందితే కంపెనీ సరిచూసుకోవద్దా అని నిలదీసింది. ఏ కాగితం వస్తే ఆ కాగితం మీద ట్యాపింగ్ పెట్టడం బాధ్యతగల సంస్థ పద్ధతి కాదంది. ఇతర కారణాల మీద పిటిషన్ కొట్టేసినా, నా లెక్కలో ఈ విషయం మీద మన న్యాయస్థానాలు అన్న మాటల్లో పనికొచ్చేది ఇదే. అమెరికా కాంగ్రెస్ 2008లో తీసేసిన బాధ్యత సరిగ్గా ఇదే.

తెలుగువాళ్లకు గుర్తుండే ఉంటుంది. 2015లో ఓటుకు నోటు కేసు తర్వాత, మా వాళ్ల ఫోన్లు తెలంగాణ ట్యాప్ చేసిందని ఆంధ్రప్రదేశ్ ఆరోపించింది. విజయవాడ కోర్టు వివరాలిమ్మని టెలికం కంపెనీలను ఆదేశించింది, తెలంగాణ ప్రభుత్వం అభ్యంతరం చెప్పింది, ఇద్దరి మధ్యా నలిగి కంపెనీలు సుప్రీంకోర్టుకు పరుగెత్తాయి. రెండు ప్రభుత్వాలకూ కోపం రాకుండా ఎలాగన్నదే వాటి బెంగ. ఫోన్ ఎవరిదో వాళ్ల ఊసు ఎక్కడా రాలేదు. 2024 మార్చిలో హైదరాబాదులో మొదలైన ట్యాపింగ్ కేసులో, 2023 ఎన్నికల ఫలితాలొచ్చిన వెంటనే స్పెషల్ ఇంటెలిజెన్స్ బ్రాంచిలో హార్డ్‌డిస్కులు ధ్వంసమయ్యాయన్నది ఆరోపణ. అది కోర్టులో తేలాలి. ఏ నంబర్లు ఏ కాగితం మీద వెళ్లాయో కంపెనీ దగ్గర కూడా ఒక జాడ ఉండాలి కదా అంటే, నిబంధనల ప్రకారం ట్యాపింగ్ ఆగిన రెండు నెలల్లో కంపెనీ తన రికార్డులు చెరిపేయాలి.

కొత్త టెలికం చట్టం 2023 డిసెంబరులో, ప్రతిపక్ష సభ్యులు వందమందికి పైగా సస్పెండై ఉన్న వారంలో, పార్లమెంటు దాటింది. 2024 డిసెంబరులో దాని కింద కొత్త ట్యాపింగ్ నిబంధనలొచ్చాయి. 419ఏ ఒంట్లో ప్రాణం అందులోకి మారింది. జడ్జి అప్పుడూ లేడు, ఇప్పుడూ లేడు.

నా తీర్పు ఇది. సరైన కాగితం చూసి సహకరించిన కంపెనీ మీద కేసు ఉండకూడదు. కాగితం అడగని కంపెనీ మీద కేసును ఏ చట్టసభా వెనుక తేదీ వేసి కొట్టేయకూడదు. పరిహారం మోయలేనంత అవుతుందనుకుంటే పరిమితి పెట్టండి, ప్రభుత్వం చేత కట్టించండి, తీర్పు మాత్రం రానివ్వండి. అమెరికాలో నేరాల దర్యాప్తుకు పెట్టిన ట్యాపింగుల లెక్క ఏటా అచ్చవుతుంది. పని ముగిశాక, మామూలుగా 90 రోజుల్లోగా, నీ ఫోన్ విన్నామని ఆ మనిషికి నోటీసు వెళ్లాలి. మన నిబంధనల్లో ఈ రెండూ లేవు. మీ ఎంపీ ఈసారి ఊరికొచ్చినప్పుడు రోడ్డు, నీళ్లతోపాటు ఈ రెండూ ఎందుకు లేవో అడగండి.